గోడ మనది, మరి నీరు ఎవరిది?

"నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అన్నారు మన పెద్దలు. నిజం సంగతి చివరికి దేవునికే వదిలేసినా, నీటి సంగతి కాస్త ఆలోచించవలసి ఉంది. నీరు పల్లానికి పోతుందని తెలుసుకోవడానికి ఎవరూ సెమినరీలో చదవనక్కరలేదు. కాని ఆ నీటికి మనం అడ్డంగా ఒక గోడ కట్టినప్పుడు, అది దారి మళ్ళి మరొకరి ఇంట్లో దూరినప్పుడు, ఆ పల్లాన్ని ఎంచుకున్నది నీరా, మనమా? మన స్థలంలో, మన డబ్బుతో, మన రక్షణ కోసం కట్టుకున్న గోడకు మనం ఎంతవరకు జవాబుదారులం? ప్రియ పాఠకులారా, ఈ వారం ఈ ప్రశ్న మీ ముందు పెడుతున్నాను. దీనిని నేను పుస్తకంలో చదివి ఎత్తుకోలేదు. ఒక వానాకాలంలో ఒక తల్లి నా గుమ్మం ముందు నిలబడి అడిగింది.

ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో గుణదల మరియమాత ఉత్సవాలకు వెళ్ళి కొండ మెట్లు ఎక్కినవారికి బెజవాడ కొండలు ఎలా ఉంటాయో చెప్పనక్కరలేదు. గుణదల, మొగల్రాజపురం, విద్యాధరపురం, వన్ టౌన్, ఎటు చూసినా కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఇళ్ళు. ఒకరి వాకిలి ఇంకొకరి ఇంటి కప్పుతో సమానంగా ఉంటుంది. ఇలాంటి చోట నాలుగు మొక్కలు పెంచుకోవాలన్నా ముందు మట్టి జారిపోకుండా ఒక గోడ కట్టాలి. ఇంజనీర్లు దానిని రిటైనింగ్ వాల్ అంటారు, మన తాపీ మేస్త్రీలూ ఆ మాటే అంటారు.

చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక విచారణలో గుడి, బంగళా ఇలాంటి వాలు మీదే ఉండేవి. బంగళా వెనుక పది సెంట్ల తోట. అందులో నాలుగు కొబ్బరిచెట్లు, ఒక మామిడి, మఠకన్యలు నాటిన గులాబీలు, మరియమ్మ గుహ. ప్రతి వానాకాలం పైనుంచి దిగిన నీరు తోట మట్టిని కోసుకుని కిందికి పోయేది. ఒక ఏడాది మరియమ్మ గుహ పునాది రాళ్ళే బయటపడ్డాయి. ఇక ఊరుకోకూడదని విచారణ పెద్దలతో మాట్లాడి, చందాలు పోగుచేసి, తోట కింది అంచున నలభై అడుగుల పొడవు, అయిదు అడుగుల ఎత్తు గోడ కట్టించాను.

మేస్త్రీ అనుభవం ఉన్న మనిషి. పని మొదలుపెట్టిన రెండో రోజే, "ఫాదర్ గారూ, నీళ్ళు పోడానికి బెజ్జాలు వదులుదామండి. గోడ వెనకాల కంకర పోయించండి. ఆ చివర నుంచి రోడ్డు కాలవ దాకా ఒక తూము కూడా కట్టేస్తే మంచిదండి" అన్నాడు. బెజ్జాలు పెడితే మట్టి కారి గోడ అసహ్యంగా కనబడుతుందన్నాను. కంకరకు డబ్బు లేదన్నాను. తూము సంగతి వచ్చే ఏడు చూద్దామన్నాను. "మీ ఇష్టమండి" అన్నాడు. గోడ పూర్తయింది. సున్నం వేయించి, తీర్థజలం చల్లి, అందరికీ మిఠాయి పంచాం.

ఆ ఏడు తొలి వాన గట్టిగానే కురిసింది. మర్నాడు ఉదయం తోటలోకి వెళ్ళి చూస్తే పిడికెడు మట్టి కూడా జారలేదు. ఆ ఆదివారం దివ్యపూజలో కృతజ్ఞత చెప్పాను. మరో రెండు వానలు పడ్డాక, కింది వరుసలో ఉండే ఒక ముసలమ్మ తడిసిన చీరతో బంగళాకు వచ్చింది. ఆమె మన విచారణ మనిషి కాదు. మెట్ల దగ్గరే నిలబడి, "అయ్యా ఫాదర్ గారూ, మీ గోడ బాగుంది. ఇరవై ఏళ్ళ బట్టీ ఆ ఇంట్లో ఉంటన్నాం. ఎప్పుడూ రాని నీళ్ళు ఈ ఏడు మా ఇంట్లోకి ఎందుకొస్తన్నాయో మీరే చెప్పండి" అంది. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. బియ్యం బస్తా తడిసిపోయిందనీ, మనవరాలి పుస్తకాలు పాడైపోయాయనీ, రెండు రాత్రులు నులకమంచం మీద ముడుచుకుని కూర్చున్నామనీ చెప్పింది.

ఆ క్షణంలో నా నోటికి మూడు జవాబులు వచ్చాయి. "అమ్మా, గోడ మా స్థలంలోనే కట్టాం" అన్నది మొదటిది. "వాన దేవుడిచ్చింది, నేనేం చేయగలను?" అన్నది రెండవది. "ఇలా అవుతుందని నాకు తెలియదు" అన్నది మూడవది. మూడూ అబద్ధాలు కావు. అయినా ఆమె వెళ్ళిపోయాక ఆ మూడింటిలో ఒక్కటీ నాకే నిలవలేదు. ఎందుకు నిలవలేదో వరుసగా చెబుతాను. ఇవే మూడు జవాబులు మనలో చాలామంది ఇళ్ళలో వినబడుతుంటాయి.

మొదటిది, మన స్థలం. మన స్థలంలో మనం ఏం కట్టుకున్నా అడిగేవారు లేరని మనకో నమ్మకం. పరిశుద్ధ గ్రంథం అలా అనుకోలేదు. కొత్త ఇల్లు కట్టుకునేవాడు డాబా చుట్టూ పిట్టగోడ కట్టాలని, అది లేక ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తదోషం ఇంటివాడిదేనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం చెబుతుంది. గొయ్యి తవ్వి మూత వేయకుండా వదిలేస్తే, అందులో పడి చచ్చిన ఎద్దుకు గొయ్యి తవ్వినవాడే వెల కట్టాలని నిర్గమకాండము 21వ అధ్యాయం విధిస్తుంది. ఇల్లు తనదే, గొయ్యి తనదే, అయినా జరిగే కీడుకు జవాబు చెప్పాలి. ఆస్తి మీద హక్కు ఉందంటే ఆ ఆస్తి వలన కలిగే బాధ్యత కూడా వెంట వస్తుంది.

బైబిలు తెలియని రోమనులు సైతం ఈ సంగతి ఎరుగుదురు. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో వారు రాసుకున్న పన్నెండు పలకల శాసనంలోనే వాన నీటి వలన కలిగే నష్టం ప్రస్తావన ఉంది. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి చేయించిన న్యాయ సంకలనంలో దానికి ప్రత్యేకంగా ఒక శీర్షికే ఉంది. దాని సారం ఇది: పై పొలం నీరు సహజంగా దిగివస్తే కింది పొలంవాడు సహించాలి. కాని పైవాడు తన చేతిపనితో ఆ నీటి దారి మార్చి కిందివాడికి కీడు పెంచితే, కిందివాడు న్యాయస్థానానికి వెళ్ళవచ్చు. మన దేశంలో 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం కూడా పై భూమి యజమానికి తన నీరు కింది భూమి మీదుగా పోయే హక్కు ఉందని చెబుతూ, ఆ పారడం సహజంగా జరగాలి అంటుంది. నా గోడ కట్టాక ముసలమ్మ ఇంటికి పోయిన నీరు సహజంగా పారిన నీరు కాదు.

రెండవ జవాబు, దేవుడిచ్చిన వాన. సర్వేశ్వరుడు నీతిమంతుల మీద, అనీతిమంతుల మీద ఒకేలా వాన కురిపిస్తాడని ప్రభువే చెప్పారు. నిజమే. ఆయన అందరిమీదా సమానంగా కురిపించిన వానను నేను ఒకచోటికి పోగుచేశాను. లెక్క చూడండి. ఒక సెంటు అంటే దాదాపు 40 చదరపు మీటర్లు. పది సెంట్ల తోటలో పది సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 40 వేల లీటర్లు. మన వీధుల్లోకి వచ్చే అయిదు వేల లీటర్ల నీళ్ళ ట్యాంకర్లు ఎనిమిది. పైనుంచి దిగివచ్చే నీరు దీనికి అదనం. గోడ లేనప్పుడు ఆ ఎనిమిది ట్యాంకర్లు నలభై అడుగుల వెడల్పున, గడ్డిలోంచి, రాళ్ళలోంచి నెమ్మదిగా ఇంకుతూ, పది ఇళ్ళ పక్కగా పంచుకుని పోయేవి. గోడ వచ్చాక అవన్నీ గోడ వెంటనే నడిచి, ఒక చివర నుంచి ఒకే ధారగా దూకాయి. ఆ చివర కింద ఉన్నది ముసలమ్మ ఇల్లు. వాన దేవుడిదే, ధార మాత్రం నాది.

మూడవ జవాబు, తెలియకపోవడం. తెలియక చేసిన పని పాపమా అని పాపసంకీర్తనంలో తరచూ అడుగుతుంటారు. పునీత తోమాసు అక్వినాసు గారు దీనిని నిశితంగా విడదీసి చూపారు. మనిషి ఎంత ప్రయత్నించినా తెలుసుకోలేని విషయం ఒకటి. తెలుసుకోగలిగి, తెలుసుకోవలసి ఉండి, పట్టించుకోక తెలియకుండా మిగిలిపోయిన విషయం మరొకటి. మొదటిది మనిషిని నిర్దోషిని చేస్తుంది, రెండవది చేయదు. నాది ఏ రకమో చెప్పనక్కరలేదు. మేస్త్రీ రెండో రోజే చెప్పాడు. అది కూడా అక్కరలేదు. వాన పడుతుండగా గొడుగు వేసుకుని ఒక్కసారి గోడ అవతలికి వెళ్ళి చూస్తే తెలిసేది. నేను గోడ ఇవతల నిలబడి నా తోట చూసుకున్నాను. దేవునికి కృతజ్ఞత చెప్పిందీ అక్కడ నిలబడే.

ఇక్కడ ఒక పాఠకుడు అభ్యంతరం చెప్పవచ్చు. "ఫాదర్ గారూ, ఇలా ఆలోచిస్తూ పోతే ఎవరూ గోడ కట్టుకోకూడదు. ఎవడి ఇల్లు వాడు కాపాడుకోవద్దా?" అని. ఈ అభ్యంతరం తోసివేయదగినది కాదు. 2024 ఆగస్టు 31న కురిసిన కుండపోత వానకు మొగల్రాజపురంలో కొండరాళ్ళు జారి ఇళ్ళమీద పడ్డాయి, మనుషులు చనిపోయారు. కొండవాలు మీద గోడ కట్టకపోవడం కూడా ఒక నిర్ణయమే. దానికీ కిందివాడే మూల్యం చెల్లించవచ్చు. కనుక గోడ కట్టడం తప్పు అని నేను అనను. చాలాచోట్ల అది కర్తవ్యం.

ఆత్మరక్షణ గురించి తోమాసు గారు చెప్పిన మాట ఇక్కడ సాయపడుతుంది. ఒకే పనికి రెండు ఫలితాలు ఉండవచ్చు. ఒకటి మనం కోరుకున్నది, ఇంకొకటి కోరుకోనిది. తనను కాపాడుకోవాలన్న ఉద్దేశం ధర్మమే. అయితే అందుకు అవసరమైన దానికన్నా ఎక్కువ బలం వాడితే, ఉద్దేశం మంచిదైనా పని అధర్మమవుతుంది. గోడకు దీనిని అన్వయించండి. తోట కాపాడుకోవడం మంచిదే. ముసలమ్మకు కీడు చేయాలని నేను కోరుకోలేదు. కాని ఒక తూముతో తప్పించగల కీడును ఖర్చుకు వెనుకాడి తప్పించనప్పుడు, "నేను కోరుకోలేదు" అన్న మాటకు బరువు ఉండదు. కోరుకోకపోవడం వేరు, తప్పించడానికి చేయగలిగింది చేయడం వేరు.

ఈ తేడాకు మన ఆంధ్రదేశంలోనే ఒక పాత దృష్టాంతం ఉంది. చిత్తూరు ప్రాంతంలోని కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి మద్రాసు రైల్వే కంపెనీకి నష్టం కలిగితే, ఆ దావా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1874లో అక్కడి న్యాయమూర్తులు, ఆ చెరువులు అనాదిగా ప్రజల బతుకుకు ఆధారమనీ, వాటిని నిలిపి ఉంచడం జమీందారు విధి అనీ, అజాగ్రత్త లేనంతవరకు ఆయనను దోషిగా ఎంచలేమనీ తీర్పు చెప్పారు. నీటిని ఆపినందుకే ఎవరూ దోషి కారన్నమాట. ఎవరి మేలుకు ఆపాడు, ఎంత జాగ్రత్తగా ఆపాడు అన్నవే ప్రశ్నలు. నా గోడ పది ఊళ్ళు తాగే చెరువు కాదు. పోనీ జాగ్రత్త అయినా ఉందా అంటే, అదీ లేదు.

చిన్న తోట గోడ గురించి చెబుతూ పెద్ద గోడను మరువలేం. బెజవాడలో కృష్ణలంక వైపు నది ఒడ్డున, యనమలకుదురు నుంచి పద్మావతి ఘాట్ వైపు దాకా, దశలవారీగా కట్టిన కాంక్రీటు గోడను మీరు చూసే ఉంటారు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు ఆ ఒడ్డు పేటలవారు పడ్డ అవస్థ చాలామందికి గుర్తు. 2024 సెప్టెంబరు 2న అంతకన్నా ఎక్కువగా, 11 లక్షల 40 వేల క్యూసెక్కులు దాటింది. అయినా ఈసారి గోడ వెనుక ఉన్న వేలాది ఇళ్ళు చాలావరకు గట్టెక్కాయి. ఆ గోడ కట్టినవారందరికీ నమస్కారం.

కాని అవే రోజులలో నగరానికి ఉత్తరాన ఏమైంది? మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే బుడమేరును వెలగలేరు దగ్గర మళ్ళించి కృష్ణలో కలిపే కాలువ ఉంది. దాని గట్టుకు మూడుచోట్ల గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వంటి పేటలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. కృష్ణలంక గోడ వల్ల సింగ్‌నగర్ మునగలేదు. ఆ నీళ్ళు వేరు, ఈ నీళ్ళు వేరు. అయినా ఒక మనస్తత్త్వం మాత్రం ఒకటే. మన గోడ నిలిచిందని తెలిసిన మరుక్షణం మనకు వరద ముగిసిపోయినట్టు అనిపిస్తుంది. టీవీలో కనబడే నీరు వేరే దేశంలోని నీరులా ఉంటుంది. ఆ రోజుల్లో అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు పట్టుకుని నడుములోతు నీళ్ళలోకి దిగినవారిలో, తమ ఇళ్ళు పొడిగా ఉన్నవారు చాలామంది ఉన్నారు. గోడ ఇవతల నుంచి అవతలికి నడిచి వెళ్ళడం అంటే అదే.

ఇప్పుడు డెల్టాలోకి వద్దాం. "మాది కొండ కాదు, బల్లపరుపు నేల, మాకీ గొడవ లేదు" అని గుడివాడ, అవనిగడ్డ వైపు విశ్వాసులు అనుకోవచ్చు. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కాలువలతో బతికే మీకు నీటి న్యాయం నాకన్నా బాగా తెలుసు. వాన ఎక్కువైతే రాత్రిపూట మడవ తెంచి తన చేలో నీరు పక్కవాడి చేలోకి వదిలే మనిషి ప్రతి ఊళ్ళో ఉంటాడు. బోదెకు అడ్డం వేసి ఎగువవాడు దిగువవాడిని ఎండబెట్టడమూ ఉంది. వేసవిలో నీళ్ళు ఇవ్వకపోవడం, వానాకాలంలో ఇవ్వకూడని నీళ్ళు ఇవ్వడం, రెండూ ఒకే పాపానికి రెండు ముఖాలు. తామేమో తేట నీరు తాగి, మిగిలిన నీటిని కాళ్ళతో బురద చేసి పక్క గొర్రెలకు వదిలే బలిసిన గొర్రెలను గురించి యెహెజ్కేలు ప్రవక్త 34వ అధ్యాయంలో దేవుడు పలికిన కోపాన్ని చదవండి.

ఇంకొక సంగతి. మన విచారణల్లోని ఎన్నో పేటలకు మెరక నేల దక్కలేదు. ఊరు మెరక మీద, మన పెద్దల ఇళ్ళు పల్లంలో. ఊరి నీరంతా వారి వాకిళ్ళలోకి దిగేది. పల్లంలో ఉండడం ఎలాంటిదో మనకు తరాల నుంచి తెలుసు. దేవుని దయవల్ల, చదువుల వల్ల, పిల్లల కష్టం వల్ల ఈనాడు ఎన్నో కుటుంబాలు పక్కా ఇళ్ళు కట్టుకుంటున్నాయి. సంతోషం. కట్టేముందు పది, ఇరవై ట్రాక్టర్ల మట్టి తోలించి స్థలం మెరక చేసుకుంటాం. ఆ తరువాత చుట్టూ ప్రహరీ. తొలి వానకు నీరు ఎక్కడికి పోతుంది? ఇంకా మెరక చేసుకోలేని పక్కింటికి. అక్కడ ఉండేది ఎవరు? బహుశా మన బంధువే. ఒక వితంతువు, ఒక కూలి మనిషి. వారు అప్పు చేసి ఇంకో అడుగు ఎత్తు లేపితే నీరు ఆ తరువాతి ఇంటికి పోతుంది. చివరికి పేటలో అందరికన్నా పేదవాని ఇల్లే అందరి నీటికీ చెరువవుతుంది. ఒకప్పుడు ఊరు మనకు చేసినది, మనలో మనమే చేసుకుంటున్నాం. సృష్టి మొర, పేదల మొర వేరువేరు కావని పోప్ ఫ్రాన్సిస్ గారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో బోధించారు. దానికి వ్యాఖ్యానం కావాలంటే దూరం వెళ్ళనక్కరలేదు, మన ప్రహరీ పక్కన నిలబడితే చాలు.

మళ్ళీ నా గోడ దగ్గరకు వస్తాను. ఆ వానాకాలం ముగిసేలోగానే దాని నడుము పొట్ట వచ్చింది. మేస్త్రీని పిలిస్తే తల వంచుకుని నవ్వాడు. నీటికి బరువు ఉంది. ఒక ఘనపు మీటరు నీరు వెయ్యి కిలోలు. అయిదు అడుగుల గోడ వెనుక నీరు నిండుగా నిలిస్తే, గోడలో ప్రతి మీటరు పొడవును అది వెయ్యి కిలోలకు పైబడిన బలంతో నెడుతుంది. తడిసిన మట్టి తోపు దీనికి అదనం. నీటి ఎత్తు రెండింతలైతే ఆ తోపు నాలుగింతలవుతుంది. అందుకే గోడకు బెజ్జాలు, వెనుక కంకర. నీరు కంకరలోంచి దిగి, బెజ్జాలలోంచి కారిపోతుంది, బరువు తగ్గుతుంది, గోడ నిలుస్తుంది. దేనినీ బయటికి పోనివ్వని గోడ చివరికి తానే పడిపోతుంది.

ఇక్కడ ఆగి, "చూశారా, ఇచ్చేవాడే నిలుస్తాడు" అని ప్రసంగం ముగించడం సులువు. నేనూ ఆ ఆదివారం అలాగే ముగిద్దామనుకున్నాను. కాని కాగితం మీద రాసుకుంటుంటే ఒక లోపం కనబడింది. బెజ్జాలు ఎవరి కోసం? గోడ కోసం. అంటే నా కోసం. బెజ్జాలు పెట్టి, తూము కట్టకపోతే ఏమవుతుంది? నా గోడ వందేళ్ళు నిలుస్తుంది, ముసలమ్మ ఇల్లు ప్రతి ఏడూ మునుగుతుంది. బెజ్జం వివేకం. తూము న్యాయం. వివేకం వల్ల మనకు లాభం ఉంటుంది కాబట్టి దానిని నేర్చుకోవడం తేలిక. న్యాయం వల్ల చాలాసార్లు మనకు లాభం ఉండదు, ఖర్చు మాత్రమే ఉంటుంది. మంచి చేస్తే మనకూ మంచే జరుగుతుందని పిల్లలకు చెబుతాం. మనకు ఏమీ జరగకపోయినా చేయవలసిన మంచి ఒకటి ఉందని కూడా చెప్పాలి.

తూము ఖర్చు విషయం విచారణ పెద్దల ముందు పెట్టినప్పుడు మాట తేడాలు వచ్చాయి. ఆ ఏడు పండుగకు గుడికి రంగులు వేయాలని తీర్మానం ఉంది. "గుడి డబ్బు బయటివాళ్ళ ఇంటికి ఎలా ఖర్చు పెడతాం ఫాదర్ గారూ? ఇది విశ్వాసుల కానుక" అన్నారొకరు. ఆయన దురాశతో అనలేదు. పేదవారు వేసిన కానుకను కాపాడాలనే అన్నారు. నేను ఇలా చెప్పాను: "అన్నా, మనం ఆమెకు దానం చేయడం లేదు. దానమైతే రంగుల తరువాత చూద్దాం. ఇది బాకీ." చేసిన నష్టాన్ని పూడ్చడం న్యాయధర్మంలో భాగమని, అది దయ కిందికి రాదని తోమాసు గారు స్పష్టంగా రాశారు. బాకీ తీర్చకుండా వేసిన రంగులు దేవునికి ఎలా కనబడతాయి? యెహెజ్కేలు 13వ అధ్యాయంలో సున్నం పూసిన నాసి గోడ వాన దెబ్బకు కూలిపోయే ఘట్టం ఉంది. అది చదివి వినిపించాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. రంగులు ఆ ఏడు వాయిదా పడ్డాయి.

గోడ మధ్యభాగం విప్పి, బెజ్జాలతో మళ్ళీ కట్టించాం, వెనుక కంకర పోయించాం. గోడ పాదం నుంచి రోడ్డు కాలువ దాకా తూము వేయించాం. ముసలమ్మ ఇంటి నేల బాగుచేయించాం, బియ్యం, పుస్తకాలు ఇచ్చాం. తూము దారిలో ఏడిళ్ళు ఉన్నాయి. సామగ్రి మేమిస్తాం, ఎవరి ఇంటి ముందు వారు తవ్వుకోండి అంటే ఒప్పుకున్నారు. యెరూషలేము గోడను నెహెమ్యా కట్టించినప్పుడు చాలామంది తమతమ ఇళ్ళ ఎదుటి భాగాన్ని తామే కట్టారని ఆ గ్రంథం 3వ అధ్యాయంలో ఉంది. మా తూము అలా పూర్తయింది. మన గుడికి ఎన్నడూ రాని ఇద్దరు కుర్రాళ్ళు అందరికన్నా ఎక్కువ తవ్వారు.

ఇంత చేశాక కూడా ఒక ప్రశ్న నాలో మిగిలే ఉంది. మా తూము నీరు రోడ్డు కాలువలో కలిసింది. ఆ కాలువ ఇంకెక్కడో పల్లానికి పోతుంది. అక్కడా ఎవరో ఉంటారు. మన బాధ్యత ఎంతదూరం పోతుంది? కొల్లేరు దాకానా, సముద్రం దాకానా? మనిషి శక్తికి హద్దు ఉంది, శక్తికి మించిన విధి లేదని నీతిశాస్త్రం చెబుతుంది. అయితే "ఎంతదూరం" అన్న ప్రశ్నను ఎవరు, ఎప్పుడు అడుగుతున్నారో గమనించాలి. ధర్మశాస్త్ర బోధకుడు "నా పొరుగువాడెవరు?" అని ప్రభువును అడిగింది హద్దు గీయించుకోవడానికి. ప్రభువు హద్దు గీయలేదు, దారిలో పడి ఉన్న ఒక మనిషిని చూపించారు. కనబడినంత దూరం నాది. కనబడకపోతే నాలుగు అడుగులు నడిచి చూడడం కూడా నాదే. అందరి నీరూ కలిసిన చోట మనమందరం కలిసి అడగాలి. పంచాయతీనీ, కార్పొరేషన్‌నూ కాలువ పూడిక తీయమని అడగడం కూడా పొరుగువాని ప్రేమలో భాగమే.

ప్రియ పాఠకులారా, ఇసుక మీద కట్టిన ఇల్లు, రాతి మీద కట్టిన ఇల్లు గురించి ప్రభువు చెప్పిన ఉపమానం మన ఇళ్ళలో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. వాన కురిసింది, వరదలు వచ్చాయి, గాలి వీచింది. రాతి మీద ఇల్లు నిలిచింది. ప్రభువు మాట విని ఆచరించేవాడు ఆ ఇంటివాడితో సమానమని ఆ ఉపమానం అర్థం. ఆచరించవలసిన ఆ మాటలలో నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించు అన్నది ఉంది కదా. అలాగైతే, నా ఇల్లు నిలిచి, నా గోడ వల్ల పక్కిల్లు కూలితే, నేను రాతి మీద కట్టానని చెప్పుకోగలనా?

రాబోయే వానాకాలంలో మీకు ఒక చిన్న ఆత్మపరిశోధన అప్పగిస్తున్నాను. గట్టిగా వాన పడుతున్నప్పుడు, ఇంట్లో అందరూ పొడిగా ఉన్నారని చూసుకున్నాక, గొడుగు తీసుకుని ఒక్కసారి మీ ప్రహరీ అవతలికి వెళ్ళి నిలబడండి. మీ పెరటి నీరు ఎటు పోతోందో కళ్ళారా చూడండి. అది ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో వారి పేరు గుర్తుపెట్టుకోండి. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ పేరు చెప్పండి. తెల్లవారాక పలుగు, పార తీసుకుని వెళ్ళండి.